దాదా కాలం కారును ప్రదర్శనకు సిద్ధం చేయడం ఎలా?

అమృతలూరు: వానలు తగ్గి చలి మొదలైందంటే పాత కార్లకు మళ్లీ మంచి రోజులు వస్తాయి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఒకవైపు నికాహ్‌లు, వలీమాలు, ఇంకోవైపు నగరాల్లో పాత కార్ల ర్యాలీలు, ప్రదర్శనలు. తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల ఊళ్లలో షెడ్డులో ముసుగు కింద ఒక అంబాసిడరో, ప్రీమియర్ పద్మినియో, మహీంద్రా జీపో ఇంకా అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటుంది. కొన్నది దాదా, నడిపింది అబ్బా, ఇప్పుడు తాళాలు మనవడి చేతిలో. ఆ మనవడు ఒక్కోసారి దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఉంటాడు, సెలవుల్లో వచ్చి బండిని బయటికి తీస్తాడు.

అలా తీయగానే చాలామంది చేసే మొదటి పని ఒకటే. బండిని పాలిష్ షాపులో వదిలి "అద్దంలా మెరవాలి భాయ్" అని చెప్పి వస్తారు. పాత బండికి ఎక్కువ నష్టం జరిగేది సరిగ్గా అక్కడే. పాలిష్ అంటే పైపొర రంగును సన్నగా అరగదీయడం. ఫ్యాక్టరీలో కారుకు వేసే రంగు పొరలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటాయి. మనిషి తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. అంటే బండి మీద ఉన్న రంగంతా రెండు వెంట్రుకల మందమే. అందులోంచి ప్రతి సీజన్‌కూ కొంచెం తీసేస్తూ పోతే ఒకరోజు కింద ప్రైమర్ బయటపడుతుంది. పోయిన రంగు తిరిగి రాదు.

అందుకే పాత బండి విషయంలో గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం చిన్నది: కడగడం ఎక్కువ, రుద్దడం తక్కువ, కాపాడుకోవడం ఎప్పుడూ.

ఏ బండిని పాత బండి అంటారు?

అంబాసిడర్‌ను హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారుచేసింది. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ దీనికి మాతృక. 1950ల చివర్లో మొదలైన ఉత్పత్తి 2014 మే నెలలో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మినిది ఫియట్ 1100 వంశం. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన ఈ బండి అక్కడ కాలీ పీలీ ట్యాక్సీగా దేశమంతటికీ తెలుసు. ముంబై రోడ్ల మీద పద్మిని ట్యాక్సీల శకం 2023 అక్టోబరులో ముగిసింది. ఈ రెండు బండ్లూ ఇక కొత్తగా రావు. ఉన్నవాటిని నిలబెట్టుకోవడమే మిగిలింది.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా లెక్కలో 30 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా, రోజువారీ రవాణాకు వాడకుండా ఉన్న బండి చారిత్రక వాహనం. మన దేశంలో కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని టూ వీలర్లు, ఫోర్ వీలర్లు వీటి కిందికి వస్తాయి. బండి అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌కు 5,000 రూపాయలు రుసుము. రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. నంబరు ప్లేటు మీద వీఏ అనే అక్షరాలు వస్తాయి. అయితే ఈ నంబరు తీసుకున్న బండిని రోజూ రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు లాంటి పనులకే బయటికి తీయాలి.

ఈ లెక్కన 1975లో రిజిస్టర్ అయిన అంబాసిడర్‌కు 2025లోనే 50 నిండాయి. "అసలు రూపం" అనే మాటకు ఇక్కడ విలువ ఉంది. మెరుపు కోసం తొందరపడి రంగు మార్చి, కొత్త గ్రిల్ బిగించి, సీట్లు మార్చేస్తే బండి కొత్తగా కనిపించొచ్చు, కానీ దాని విలువ తగ్గుతుంది. అమెరికాలో పెబుల్ బీచ్ లాంటి పెద్ద ప్రదర్శనల్లో ఏ మరమ్మతూ చేయకుండా కాపాడుకున్న బండ్లకు విడిగా పోటీ ఉంది. చిన్న గీతలున్న అసలు రంగుకు అక్కడ గౌరవం దక్కుతుంది.

ఇక్కడి గాలి, నీళ్లు, మట్టి

పుస్తకాల్లో, వీడియోల్లో కనిపించే సలహాలు చాలావరకు చలి దేశాలవి. అమృతలూరు పరిస్థితి వేరు. నిజాంపట్నం రేవు, సూర్యలంక తీరం ఇక్కడికి దూరమేమీ కాదు. సముద్రం మీదుగా వచ్చే గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. ఉప్పు తగిలిన ఇనుము మామూలు తడిలో కంటే త్వరగా తుప్పు పడుతుంది. ఈ డెల్టాలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగానో గట్టిగానో ఉంటాయి. వాటితో కడిగి ఎండకు వదిలేస్తే బానెట్ మీద తెల్లటి చుక్కలు మిగులుతాయి. అవి ఖనిజాల మచ్చలు. వదిలేస్తే రంగులోకి దిగిపోతాయి.

వరి కోతలప్పుడు, నూర్పిళ్లప్పుడు వచ్చే దుమ్ము ఇంకో సమస్య. దాన్ని పొడి గుడ్డతో తుడిస్తే రంగు మీద ఉప్పు కాగితం రుద్దినట్టే. అన్నిటికంటే గమనించని ప్రమాదం షెడ్డులోనే ఉంటుంది. చాలా ఇళ్లలో కారు పక్కనే యూరియా, పొటాష్ బస్తాలు పేర్చుతారు. ఎరువులు గాల్లో తేమను పీల్చుకుంటాయి, ఇనుమును తినేస్తాయి. బండి ఉన్న చోట ఎరువుల బస్తా ఒక్కటి కూడా ఉండకూడదు. గడ్డి మోపులు కూడా వద్దు. గడ్డి ఉన్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట కొరికిన వైర్లు.

మెరుపుకంటే ముందు తుప్పు

అంబాసిడర్, పద్మిని రెండింటికీ లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే బండి బరువు మోస్తుంది. ఫ్లోరు, తలుపుల కింద పొడవునా నడిచే బోలు పట్టీలు, స్ప్రింగులు బిగించిన చోట్లు గట్టిగా ఉంటేనే బండి సురక్షితం. పైన రంగు ఎంత మెరిసినా ఆ పట్టీలు లోపల తుప్పు పట్టి ఉంటే కుటుంబాన్ని ఎక్కించుకుని హైవే మీదికి వెళ్లడం ప్రమాదమే. ఇది అందానికి సంబంధించిన సంగతి కాదు, ప్రాణాలకు సంబంధించింది.

కాబట్టి పాలిష్ డబ్బాలు కొనే ముందు చేయాల్సిన పరీక్షలివి:

• లోపల మ్యాట్లు, కార్పెట్లు ఎత్తి ఫ్లోరు చూడాలి. తడి వాసన వస్తే నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో వెతకాలి. ముందు అద్దం బీడింగ్, డిక్కీ రబ్బరు మొదటి అనుమానితులు.

• ప్రతి తలుపు అడుగు అంచున చిన్న రంధ్రాలుంటాయి. అద్దం పక్కనుంచి లోపలికి దిగిన వాన నీళ్లు అక్కడినుంచే బయటికి పోవాలి. మట్టితో అవి పూడిపోతే తలుపు లోపల నీళ్లు నిలిచి అడుగు భాగం తినేస్తుంది. సన్నటి ప్లాస్టిక్ పుల్లతో ఆ రంధ్రాలు శుభ్రం చేయాలి. ఖర్చులేని పని, ఫలితం పెద్దది.

• చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి బాడీ మీద నెమ్మదిగా జరపాలి. ఇనుము ఉన్నచోట పట్టుకుంటుంది. పట్టు సడలిన చోట కింద లప్పం మందంగా ఉందని అర్థం. అంటే అక్కడ గతంలో టింకరింగ్ జరిగింది. ఆ చోట మిషన్ పాలిష్ చేసేటప్పుడు జాగ్రత్త.

• రంగు బుడగలా ఉబ్బిన చోట వేలితో నొక్కి చూడాలి. మెత్తగా దిగితే లోపల రేకు పోయినట్టే. అక్కడ పాలిష్ పనికిరాదు, టింకరింగ్ మేస్త్రీ దగ్గరికి వెళ్లాల్సిందే.

పైపైన ఉన్న తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, తుప్పును మార్చే ద్రావణం పూస్తే అది నల్లటి గట్టి పొరగా మారుతుంది. దానిమీద ప్రైమర్, తర్వాత రంగు. బోలుగా ఉన్న పట్టీల లోపలికి పొడుగాటి గొట్టంతో మైనం ఆధారిత రస్ట్‌ప్రూఫింగ్ కొట్టించాలి. కింద బాడీకి పాత ఇంజిన్ ఆయిలు, డీజిలు కొట్టించే అలవాటు మన దగ్గర ఉంది. అది కొన్నాళ్లు తుప్పును ఆపొచ్చు గానీ రబ్బరు బుష్‌లను, హోస్‌లను ఉబ్బించి పాడుచేస్తుంది, దుమ్మును అంటించుకుంటుంది, మంట అంటుకునే ప్రమాదమూ ఉంది. దాని బదులు మైనం కోటింగే మేలు.

కడగడం: సగం పని ఇక్కడే

నీడలో, లోహం చల్లగా ఉన్నప్పుడే కడగాలి. అరచేతి వెనుక భాగం బానెట్‌కు ఆనిస్తే వేడి తగలకూడదు. తెల్లవారుజామున గానీ అసర్ తర్వాత గానీ మంచి సమయం.

ముందు సబ్బు లేకుండా నీళ్లు ధారగా పోసి దుమ్ము, ఇసుక జారిపోనివ్వాలి. పాత బండి మీద ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టకూడదు. బీడింగ్ సందుల్లోంచి, తలుపు అంచుల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి, రంగు పెచ్చులు లేస్తాయి.

తర్వాత రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్లు, రెండోదాంట్లో మామూలు నీళ్లు. గుడ్డను షాంపూ నీళ్లలో ముంచి ఒక భాగం తుడవాలి. మళ్లీ షాంపూలో ముంచే ముందు మామూలు నీళ్లలో జాడించాలి. బండి మీద దుమ్ము రెండో బకెట్ అడుగున ఉండిపోతుంది, మళ్లీ రంగు మీదికి రాదు. పైకప్పుతో మొదలుపెట్టి కిందికి రావాలి. చక్రాలు, మడ్గార్డుల లోపలి భాగం చివర్న, విడి గుడ్డతో. గుండ్రంగా రుద్దకూడదు, ఒకే దిక్కున సాఫీగా తుడవాలి. గుండ్రంగా రుద్దితే పడే సన్న గీతలే ఎండలో సాలెగూడులా కనిపిస్తాయి.

బట్టల సబ్బుపొడి, గిన్నెల లిక్విడ్ రోజువారీ వాడొద్దు. అవి జిడ్డుతోపాటు వాక్స్‌నూ లాగేస్తాయి, రబ్బరును ఎండబెడతాయి. వేస్ట్ కాటన్, పాత బనియన్ గుడ్డ ఇంజిన్ పనికి పెట్టుకోవాలి. రంగు మీదికి మందపాటి మైక్రోఫైబర్ గుడ్డలే. గుడ్డ కింద పడితే ఆ రోజుకు దాన్ని పక్కన పెట్టాలి. అంటుకున్న ఒక్క ఇసుక రేణువు చాలు.

బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట చివరి జాడింపుకు వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే మంచిది. అవి లేకపోతే ఫిల్టర్ నీళ్లు ఒక బకెట్ చాలు. ఎక్కడైనా చుక్కలు పడితే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన గుడ్డతో వెంటనే తుడవాలి. కడిగాక తలుపులు, డిక్కీ తెరిచి అంచుల్లో తడి లేకుండా ఆరబెట్టాలి.

పక్షి రెట్టలు, చెట్ల జిగురు కనిపించిన రోజే తీయాలి. గోటితో గీకకూడదు. తడి గుడ్డను పది నిమిషాలు దానిమీద వేసి ఉంచితే మెత్తబడి వచ్చేస్తుంది. బ్రేక్ ఆయిల్ బొట్టు రంగు మీద పడితే మాత్రం ఒక్క నిమిషం ఆగకూడదు. మామూలు బ్రేక్ ఆయిల్ రంగును కరిగించేస్తుంది. తుడవకుండా ముందు నీళ్లు ధారగా పోయాలి.

కడిగాక కూడా వేళ్లకు గరుకు తగిలితే రంగులో దుమ్ము ఇరుక్కుందని గుర్తు. క్లే బార్ అనే మెత్తటి ముద్దను షాంపూ నీళ్లతో బాగా తడిపి, బరువు వేయకుండా జరిపితే ఆ గరుకు పోతుంది. ముద్ద కింద పడితే పారేయాలి. కడగడం, క్లే బార్ అయ్యాక చాలా బండ్లకు పాలిష్ అవసరమే ఉండదు, నేరుగా వాక్స్‌కు వెళ్లొచ్చు.

రంగు ఏ రకం?

పాత అంబాసిడర్‌లు, పద్మినిలు చాలావరకు సింగిల్ స్టేజ్ రంగులో ఉంటాయి. అంటే రంగే పైపొర. దానిమీద ఇప్పటి కార్లకు ఉన్నట్టు పారదర్శకమైన క్లియర్ కోట్ ఉండదు. మధ్యలో ఎవరైనా మళ్లీ పెయింట్ వేయించి ఉంటే క్లియర్ కోట్ ఉండొచ్చు. తెలుసుకోవడానికి డిక్కీ లోపలి అంచులాంటి కనపడని చోట కొంచెం పాలిష్ పెట్టి తెల్ల గుడ్డతో రుద్దాలి. గుడ్డకు బండి రంగు అంటితే సింగిల్ స్టేజ్. బండి తెల్లదైతే నల్ల గుడ్డ వాడాలి, లేకపోతే తేడా తెలియదు.

సింగిల్ స్టేజ్ రంగు ఎండకు పాలిపోయి సుద్దలా అవుతుంది. చూడ్డానికి చచ్చిపోయినట్టున్నా కింద మంచి రంగు ఉంటుంది. అలాంటి రంగు మీద మొదటే గట్టి రబ్బింగ్ కాంపౌండ్ పెట్టకూడదు. నూనె శాతం ఎక్కువున్న గ్లేజ్‌ను చేత్తో మందంగా పట్టించి రాత్రంతా వదిలి మర్నాడు తుడిస్తే చాలాసార్లు రంగు తిరిగి లోతుగా కనిపిస్తుంది. ఇది నిదానమైన పని, రంగు మాత్రం దాదాపు ఖర్చు కాదు.

పాలిష్ తప్పనిసరి అయితే

గీతలు, మచ్చలు ఇంకా మిగిలితేనే పాలిష్ సంగతి ఆలోచించాలి. ఒక అడుగు చతురస్రంలో ముందు పరీక్షించాలి. అన్నిటికంటే మెత్తటి పాలిష్, మెత్తటి స్పాంజి ప్యాడ్‌తో మొదలుపెట్టాలి. అది చాలకపోతేనే ఒక మెట్టు గట్టిది. ప్రతి గీతా పోవాల్సిన అవసరం లేదు. నాలుగడుగుల దూరం నుంచి కనపడని గీతను వదిలేయడమే తెలివి.

మిషన్ వాడితే డ్యూయల్ యాక్షన్ రకం మంచిది. ఒకేచోట గిరగిరా తిరిగే రోటరీ మిషన్ చేయి తిరిగిన మేస్త్రీ చేతిలోనే ఉండాలి. అది క్షణాల్లో వేడి పుట్టించి రంగును తినేస్తుంది. తలుపు అంచులు, బానెట్ మధ్య గీత, మడ్గార్డు వంపుల మీద రంగు పల్చగా ఉంటుంది కాబట్టి వాటికి మాస్కింగ్ టేపు వేసి వదిలేయాలి. షాపులో ఇచ్చినా ఈ మాట ముందే చెప్పాలి. పని మొదలుపెట్టే ముందు మందం కొలిచే మీటరు ఉందా అని అడగాలి. ఉన్నచోట రీడింగులు రాసి ఉంచుకుంటే వచ్చే ఏడాదికి ఎంత రంగు ఖర్చయిందో తెలుస్తుంది.

వాక్స్, సీలెంట్, సిరామిక్: ఏది?

బ్రెజిల్‌లో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం పాత రంగులకు మంచి జోడీ. మెరుపు లోతుగా, మెత్తగా ఉంటుంది. మన ఎండల్లో కొన్ని వారాలే నిలుస్తుంది, అందుకే ప్రదర్శన ముందు వేసుకోవడానికి అనుకూలం. పాలిమర్ సీలెంట్ కొన్ని నెలలు నిలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం షెడ్డులో ఉండే బండికి వానలకు ముందు సీలెంట్, సీజన్‌లో దానిమీద వాక్స్ అనేది సరిపోయే పద్ధతి.

సిరామిక్ కోటింగ్ కొత్త కార్లకు బాగానే ఉంటుంది. పాత బండి విషయంలో మాత్రం ఆలోచించాలి. కోటింగ్‌కు ముందు రంగును బాగా పాలిష్ చేస్తారు, తర్వాత దాన్ని తీయాలన్నా మళ్లీ రుద్దాల్సిందే. రెండు వైపులా రంగే ఖర్చు. కొత్తగా పెయింట్ వేయించిన బండికైతే రంగు పూర్తిగా ఆరేదాకా వాక్స్ కూడా వేయకూడదు. ఎన్ని రోజులో పెయింటర్‌ను అడిగి తెలుసుకోవాలి.

నికెల్, అద్దాలు, రబ్బరు

బంపర్లు, గ్రిల్, వీల్ క్యాపుల మెరుపును వాడుకలో నికెల్ అంటారు. నిజానికి కింద నికెల్ పొర, పైన ఒక మైక్రాన్ కూడా లేని క్రోమియం పొర. కాబట్టి ఉప్పు కాగితం, గిన్నెలు తోమే స్క్రబ్బర్ తాకించకూడదు. చింతపండు ఇత్తడి చెంబులకు పెట్టుకోవాలి, బంపర్‌కు వద్దు. తుప్పు చుక్కలు ఉంటే అన్నం ప్యాక్ చేసే అల్యూమినియం ఫాయిల్‌ను ముద్దగా చేసి నీళ్లలో తడిపి మెల్లగా రుద్దితే పోతాయి. అల్యూమినియం క్రోమియం కంటే మెత్తన, అందుకే గీతలు పడవు. తర్వాత కడిగి, ఆరబెట్టి వాక్స్ వేయాలి. పొర లేచిపోయి రేకు కనిపిస్తుంటే ప్లేటింగ్ మళ్లీ చేయించడమే దారి.

అద్దాలకు నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి మైక్రోఫైబర్‌తో తుడిస్తే చాలు. బీడింగులకు, తలుపు రబ్బర్లకు కిరోసిన్, పెట్రోలు తగలనివ్వకూడదు. తడి గుడ్డతో తుడిచి గ్లిజరిన్ పల్చగా పట్టిస్తే మెత్తగా ఉంటాయి. టైరు పక్కన అచ్చయిన నాలుగంకెల కోడ్ తప్పక చూడాలి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. పాత బండి తక్కువ తిరుగుతుంది కాబట్టి గాడులు కొత్తగానే ఉంటాయి, రబ్బరు మాత్రం ముసలిదై పగుళ్లు వస్తాయి. పదేళ్లు దాటిన టైర్ల మీద నల్ల పాలిష్ పూసి ప్రయాణం కట్టకూడదు.

లోపల, బానెట్ కింద

సీట్ల రెగ్జిన్‌ను తడి గుడ్డ, పల్చటి షాంపూ నీళ్లతో తుడిచి వెంటనే ఆరబెట్టాలి. వానాకాలం తర్వాత బూజు వాసన ఉంటే సీట్లు తీసి నీడలో గాలికి పెట్టాలి. డ్యాష్‌బోర్డు మీద జిడ్డుగా మెరిసే స్ప్రేలు వద్దు. ఎండలో అవి ముందు అద్దం మీద ప్రతిబింబించి డ్రైవర్‌కు ఇబ్బంది.

ఇంజిన్ చల్లారాక, బ్యాటరీ వైరు తీసి, కార్బురేటర్‌కు, డిస్ట్రిబ్యూటర్‌కు ప్లాస్టిక్ సంచి కట్టి, బ్రష్‌తో డీగ్రీజర్ పూసి తడి గుడ్డతో తుడవాలి. పైపుతో నీళ్లు కొట్టకూడదు. వేడి ఇంజిన్ మీద కిరోసిన్ చల్లడం నిప్పుతో చెలగాటం. ఇదే అదనుగా పెట్రోలు హోస్‌లు వంచి చూడాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. పాత రకం రబ్బరును అది పాడుచేస్తుంది, తేమను పీల్చుకుంటుంది. పగిలిన హోస్ ఉంటే ఇథనాల్ తట్టుకునే రకంతో మార్పించాకే ప్రయాణం.

దూల్హా కారుగా వెళ్తే

ఈ ప్రాంతంలో పాత కారుకు అసలైన ప్రదర్శన బారాత్‌లోనే. నష్టం కూడా అక్కడే ఎక్కువ. పూల దండలను సెల్లోటేపుతో అంటిస్తే తీసేటప్పుడు పాత రంగు పెచ్చుగా లేచి వస్తుంది. తడి బంతిపూలు, గులాబీలు ఎండలో గంటల తరబడి ఉంటే మరక పడుతుంది. పెళ్లిళ్లలో కొట్టే ఫోమ్ స్ప్రే కూడా రంగుకు మంచిది కాదు. టేపు బదులు రిబ్బన్లు బంపర్‌కు, గ్రిల్‌కు కట్టాలి. పూల కింద మెత్తటి గుడ్డ వేయాలి. పిల్లల్ని బానెట్ మీద కూర్చోబెట్టి ఫోటోలు తీయడం ఆపాలి. బట్టల బొత్తాలు, జరీ అంచులు చాలు గీతలు పడడానికి. ఇంటికి రాగానే ఆ రాత్రే పూలు తీసి మంచినీళ్లతో తడిపి తుడవాలి.

దూరం ప్రదర్శనలకైతే సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ మొదట గుర్తొస్తుంది. అక్కడ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కుటుంబానికి చెందిన 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూడొచ్చు. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక ర్యాలీ 1964లో మొదలైంది. ఇలాంటి వేదికల మీద జడ్జీలు మెరుపు ఒక్కటే చూడరు. బండి ఎంతవరకు అసలు రూపంలో ఉంది, లైట్లు, హారన్, వైపర్లు పనిచేస్తున్నాయా, బానెట్ కింద శుభ్రంగా ఉందా అన్నవి లెక్కలోకి వస్తాయి. అందుకే పాత ఆర్‌సీ పుస్తకం, మొదటి బిల్లు, దాదా ఆ కారు పక్కన నిలబడి దిగిన బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఉంటే ఫైలులో పెట్టి తీసుకెళ్లాలి. బండి వయసును, అసలు రంగును రుజువు చేసేవి అవే.

సీజన్ అయ్యాక

బండిని కడిగి, పూర్తిగా ఆరాక వాక్స్ వేసి, గాలి ఆడే కాటన్ కవర్ కప్పాలి. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పితే లోపల చెమట పట్టి రంగు ఉబ్బుతుంది. దుమ్ము ఉన్న బండి మీద కవర్ లాగితే గీతలే. మట్టి నేల షెడ్డు అయితే మందపాటి పాలిథిన్ పరిచి దానిమీద పలకలు వేస్తే కింది నుంచి తేమ రాదు. సైలెన్సర్ మూతికి, గాలి వెళ్లే గొట్టానికి జాలీ కట్టి ఎలుకలను ఆపాలి. స్టార్ట్ చేసే ముందు తీయడం మరిచిపోకుండా స్టీరింగ్‌కు ఒక చీటీ వేలాడదీయాలి.

వారానికోసారి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసే అలవాటు మంచికంటే చెడే ఎక్కువ చేస్తుంది. ఇంజిన్, సైలెన్సర్ పూర్తిగా వేడెక్కక లోపల నీళ్లు నిలుస్తాయి. నెలకోసారైనా పది పదిహేను కిలోమీటర్లు తిప్పాలి, లేదంటే బ్యాటరీ వైరు తీసి కదపకుండా ఉంచాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు తుపానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. హెచ్చరిక రాగానే బండిని ఊళ్లో మెరక ఉన్నచోటికి, పక్కా కప్పు కిందికి మార్చాలి. ఒకవేళ వరద నీళ్లలో మునిగితే స్టార్ట్ చేయకూడదు. బ్యాటరీ తీసి, మంచినీళ్లతో కడిగించి, ఇంజిన్, గేర్‌బాక్స్ ఆయిళ్లు మార్పించాకే తాళం తిప్పాలి.

ఇవన్నీ కలిపి చూస్తే ఏడాదికి అయ్యే ఖర్చు రెండు మూడు డబ్బాలు, నాలుగు గుడ్డలు, కొన్ని ఆదివారాలు. మిగతాదంతా ఓపిక. ఇంట్లో పిల్లలకు చిన్న పనులు అప్పగిస్తే బండి ఎవరిదో, ఎలా వచ్చిందో వాళ్లకూ తెలుస్తుంది. తలుపు అడుగున రంధ్రాలు శుభ్రం చేయడం పదేళ్ల పిల్లవాడు కూడా చేయగలడు. రేపు ఆ తాళాలు వాడి చేతికే రావాలి, అప్పటికి బండి మీద రంగూ మిగిలి ఉండాలి.